శ్రీసభ పండితులు అంటే ఎవరు? వాళ్ళు రాసిందంతా కరెక్టేనా?

సందేహాల_తోమా:
అందరికీ వందనాలు. వచ్చే ఆదివారం వేదపాఠం క్లాసులో పెద్దపిల్లలకి శ్రీసభ పండితుల గురించి, అదే ఇంగ్లీషులో డాక్టర్స్ ఆఫ్ ద చర్చ్ అంటారే వాళ్ళ గురించి, ఓ అరగంట మాట్లాడమని మా ఫాదర్ గారు నాకు అప్పజెప్పారు. సరే అని లిస్టు ముందేసుకుని కూర్చున్నా, కూర్చున్నాక తల తిరిగింది. ఒక పక్కనేమో తోమాస్ అక్వీనాస్, ఆయన పుస్తకాలు పేర్చితే బీరువా చాలదు. ఇంకో పక్క సియెన్నా కత్తెరీనమ్మ, బడి ముఖం చూడని మనిషి, ఉత్తరాలు తను చెప్తుంటే వేరేవాళ్ళు రాశారు. ఇంకా అటు చూస్తే చిన్న తెరేజమ్మ, 15 ఏళ్ళకి మఠంలోకి వెళ్ళి 24కి క్షయతో పోయింది, రాసింది మూడు నాలుగు నోటుబుక్కులు. వీళ్ళందర్నీ ఒకే వరుసలో కూర్చోబెట్టిన కొలత ఏంటి అసలు? రెండో డౌటు, పండితులు అని బిరుదు ఇచ్చారంటే వాళ్ళు రాసిన ప్రతి ముక్కా కరెక్టు అని సభ సంతకం పెట్టినట్టా? పోయినవారం ఊరికే టాపిక్ పేరు చెప్తేనే ఒకడు లేచి "డాక్టర్లు అంటే ఏ జబ్బుకి సార్" అన్నాడు, ఇక ఆదివారం నా పరిస్థితి ఊహించుకోండి.

పాతకాగితం:
ఆ పిల్లాడిది మంచి ప్రశ్నే, వాణ్ణి కసరొద్దు. లాటిన్‌లో డొచేరే అంటే నేర్పడం, డాక్టర్ అంటే నేర్పేవాడు, మందులిచ్చేవాళ్ళకి ఆ పేరు తర్వాతెప్పుడో వచ్చి అతుక్కుంది. అందుకే మనవాళ్ళు పండితులు అన్నారు, నన్నడిగితే బోధకులు అనుంటే ఇంకా అతికేది, పండితుడు అనగానే శాలువా గుర్తొస్తుంది.

కొలత అంటారా, మూడున్నాయి. గొప్ప బోధ ఉండాలి, అంటే అది వాళ్ళ కాలానికో వాళ్ళ మఠానికో కాకుండా సభ మొత్తానికీ పనికొచ్చేదై ఉండాలి. జీవితం పవిత్రంగా ఉండాలి, అంటే ముందు పునీతులై ఉండాలి, సెయింట్ అంటామే అది. మూడోది సభ ప్రకటన, పాపుగారు, అంటే పోపు, అధికారికంగా చెప్పాలి. 18వ శతాబ్దంలో 14వ బెనెడిక్టు పాపుగారు, అదే పాపు కాకముందు లాంబెర్తీని, పునీతపట్టాల మీద పెద్ద గ్రంథం రాసినాయన, ఈ మూడూ తేటగా రాసిపెట్టాడు. ఇప్పుడైతే పునీతుల వ్యవహారాలు చూసే శాఖ ఫైలు నడుపుతుంది, బోధ నిజంగా అంత గొప్పదా కాదా అన్న మాట మాత్రం విశ్వాస సిద్ధాంత శాఖ చెప్పాలి, చివరి మాట పాపుగారిది.

గమనించారా, ఆ మూడింటిలో ఎక్కడా "ఇన్ని పేజీలు రాయాలి" అని లేదు. కత్తెరీనమ్మ ఎలా వచ్చిందో అక్కడే తెలిసిపోతుంది.

ఇక రెండో డౌటుకి జవాబు ఒక్క ముక్కలో: కాదు. టైమ్ దొరికితే వివరంగా రాస్తా.

లెక్కల_మాస్టారు:
మొత్తం 37 మంది. మొదట పడమటి సభ నలుగురు, అంబ్రోసు, అగస్టీను, జెరోము, మహా గ్రెగోరి. 13వ శతాబ్దం చివర్లో 8వ బొనిఫాసు పాపుగారు వీళ్ళకి ముద్ర వేశారు. తర్వాత దాదాపు మూడు వందల ఏళ్ళు ఎవరూ లేరు! 1567లో తోమాస్, 1568లో తూర్పు సభ నలుగురు, అతనాసియు, బసీలు, నజియాంజు గ్రెగోరి, జాన్ క్రిసోస్టమ్. 1588లో బోనావెంచర్. మళ్ళీ 132 ఏళ్ళు గ్యాప్, 1720లో అన్సెల్ము. పిల్లలకి క్విజ్ పెట్టుకోడానికి బాగుంటాయి ఇవి.

కొవ్వొత్తి_వెలుగు:
మాస్టారూ 37 కాదు 38. 2025 నవంబరు 1న, సకల పునీతుల పండగ రోజు, లియో పాపుగారు ఇంగ్లండు కార్డినల్ న్యూమన్‌ని కలిపారు. మీ లిస్టు పాతది.

లెక్కల_మాస్టారు:
అవునండీ, నా పుస్తకం 2022లో ఇరెనేయుసు దగ్గర ఆగిపోయింది. 38 అని దిద్దుకుంటున్నా. లెక్కల మాస్టారు అని పేరు పెట్టుకుని కూడిక తప్పడం, బాగుంది నా సంబడం.

బెరయ_బ్రదర్:
బయటివాణ్ణి, తప్పుగా అనుకోకండి, అడగాలనిపించింది. నేర్పడానికి వాక్యం ఉంది, ఆత్మ ఉంది. మళ్ళీ ఈ బిరుదులు, ర్యాంకులు ఎందుకు? మనుషుల మాటని వాక్యం పక్కన కూర్చోబెట్టడం కాదా ఇది?

పాతకాగితం:
బ్రదర్, తప్పేం లేదు అడగండి. ఎఫెసీయులకు రాసిన లేఖ 4వ అధ్యాయంలో క్రీస్తు కొందర్ని అపొస్తలులుగా, కొందర్ని ప్రవక్తలుగా, కొందర్ని కాపరులుగా, బోధకులుగా ఇచ్చాడని ఉంది కదా, బోధకులు అనే వరం వాక్యంలోదే. ఫలానా మనిషిలో ఆ వరం కనపడింది అని సభ గుర్తుపట్టడమే ఈ బిరుదు. వాక్యం పక్కన కూర్చోబెట్టడం మాత్రం కాదు. చూడబోతే వీళ్ళలో చాలామంది రాసింది వాక్యం మీద వ్యాఖ్యానాలే, జెరోము అయితే జీవితమంతా అనువాదంలోనే కరిగించాడు, 382 ప్రాంతంలో దమాసు పాపుగారి కోసం సువార్తలు సవరించడంతో మొదలెట్టి బెత్లెహేములో కూర్చుని హెబ్రీ నుంచి పాత నిబంధన దించుకుంటూ పోయాడు.

ఇక్కడే తోమా గారి రెండో డౌటుకి కూడా వస్తా. తప్పులున్నాయి. కావాలంటే అందరికంటే పెద్దాయన దగ్గరే చూపిస్తా. మరియమాత నిష్కళంకోద్భవం ఉంది కదా, అంటే తల్లి గర్భంలో పడిన తొలి క్షణం నుంచే జన్మపాపం అంటలేదు అన్నది, తోమాస్ అక్వీనాస్ దీన్ని ఒప్పుకోలేదు. గర్భంలో ఉండగానే పవిత్రురాలైంది కానీ తొలి క్షణం నుంచి కాదు అన్నాడు. అలాగైతే ఆమెకి రక్షకుడి అవసరం లేకుండా పోతుంది కదా అని ఆయన బాధ. ముడి విప్పింది ఆయన తర్వాత వచ్చిన డన్స్ స్కోటస్, పాపం అంటాక కడగడం కంటే అంటకుండా కాపాడటం ఇంకా గొప్ప రక్షణ అని. 1854 డిసెంబరు 8న 9వ పయస్ పాపుగారు సిద్ధాంతంగా ప్రకటించింది ఈ దారినే. ఇప్పుడు తమాషా చూడండి, ఆ ప్రశ్నకి తప్పు జవాబు రాసినాయన శ్రీసభ పండితుడు, సరైన జవాబు రాసిన స్కోటస్ ఇప్పటికీ ధన్యజీవి అనే కింది మెట్టు దగ్గరే ఉన్నాడు, పునీతుడే కాలేదు, ఇక పండితుడెక్కడ.

అంటే బిరుదు మొత్తం బోధకి, మనిషి మొత్తానికి. ఒక్కో పేరాకి ఐఎస్ఐ మార్కు వేయడం కాదు.

వానచినుకు:
ఇంకో సంగతి, అగస్టీను ముసలితనంలో ఒక పని చేశాడు, ఇప్పుడు రాసేవాళ్ళెవరైనా చేస్తారా అనిపిస్తుంది. తన పాత పుస్తకాలన్నీ ముందేసుకుని, 93 రచనలు, ఒక్కోటీ తీసి ఇక్కడ ఈ మాట జారాను, ఇక్కడ ఇంకా తేటగా చెప్పాల్సింది అని దిద్దుబాటు పుస్తకమే ఒకటి రాశాడు. పండితుడే నేను తప్పాను అంటుంటే ఆయన ప్రతి మాటా కరెక్టని మనం కొట్టుకోవడం ఏంటి.

తోమా అన్నా, పిల్లలకి చెప్పడానికైతే సొరకాయ గొడవ చెప్పండి, బ్రహ్మాండంగా ఎక్కుతుంది.

సందేహాల_తోమా:
సొరకాయ గొడవా? అదేంటి అక్కా?

వానచినుకు:
బైబిల్లో యోనా ప్రవక్త నీనెవె పట్టణం బయట కూర్చుంటే ఎండ తగలకుండా దేవుడు ఒక మొక్క మొలిపిస్తాడు కదా. పాత లాటిన్ బైబిల్లో అది సొరపాదు. జెరోము హెబ్రీ చూసి కొత్తగా అనువదిస్తూ దాన్ని ఐవీ తీగ చేశాడు. ఆఫ్రికాలో ఓయా అనే ఊళ్ళో, ఇప్పటి ట్రిపోలీ అక్కడే, ఒక మేత్రాణులు, అంటే బిషప్పు, ఈ కొత్త అనువాదం గుళ్ళో చదివించారు. ఇక చూస్కో, జనం లేచారు. తాతల నాటి నుంచి విన్న మాట, పాడుకున్న మాట, సొరకాయ ఏది? ఐవీ ఎక్కడ్నించి వచ్చింది? గ్రీకువాళ్ళైతే ఇది దొంగ అనువాదమని అరిచారట. చివరికి ఆ మేత్రాణులు ఊళ్ళోని యూదుల్ని అడిగితే వాళ్ళు పాతదే కరెక్టు అన్నారు, తెలియకన్నారో కావాలనే అన్నారో మరి. గుడి ఖాళీ అయిపోయేలా ఉంటే పాపం ఆయన మళ్ళీ పాత మాటే పెట్టుకున్నాడు. ఇదంతా 403లో అగస్టీనే జెరోముకి ఉత్తరంలో రాశాడు, అంటే మర్యాదగానే, కొంచెం చూసుకోండి సార్ అన్నట్టు.

అసలు వీళ్ళిద్దరి ఉత్తరాలే ఒక సీరియల్. అగస్టీను మొదటి ఉత్తరం పట్టుకెళ్ళాల్సినాయన మధ్యలో మేత్రాణులై, ఆ తర్వాత చనిపోయి, ఉత్తరం అందనే లేదు. ఇంకో ఉత్తరమేమో జెరోముకి చేరకముందే ఇటలీలో చేతులు మారి అందరూ చదివేశారు, అందులో జెరోము వ్యాఖ్యానాన్ని తప్పుపట్టిన సంగతి కూడా ఉంది. తన మీద విమర్శ ఊరంతా చదివాక తనకి చేరితే ఎవరికైనా మండదా? జెరోముకి మామూలుగానే ముక్కు మీద కోపం. అలసిన ఎద్దే అడుగు గట్టిగా వేస్తుంది అని సామెత గుర్తుచేశాడు, కుర్రాడివి, ముసలాడితో పెట్టుకోకు అని. అయినా తెగిపోలేదు, రాసుకుంటూనే ఉన్నారు, చివర్లో ఒకరి మీద ఒకరికి గౌరవమే మిగిలింది. ఇద్దరూ ఆ మొదటి నలుగురిలో వాళ్ళే. లిస్టులో ఉన్నవాళ్ళందరూ ఒకే మాట మీద ఉన్నారనుకునేవాళ్ళకి ఈ ఉత్తరాలు చూపించాలి.

బెరయ_బ్రదర్:
ఇది నాకు తెలీదు. బావుంది. మా తెలుగు బైబిల్లో సొరచెట్టు అనే ఉంటుంది, అంటే ఓయా జనమే గెలిచారన్నమాట.

కొవ్వొత్తి_వెలుగు:
నాదొక డౌటు. విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన వేదసాక్షులు ఎవరూ ఎందుకు లేరు ఇందులో? అంతియోకు ఇగ్నేషియసు లేడు, కార్తేజి సిప్రియాను లేడు. వాళ్ళు తక్కువ బోధించారా?

పాతకాగితం:
తక్కువై కాదు, ఎక్కువై. పూజాపుస్తకంలో వేదసాక్షుల పండగ పాఠాలు వేరు, పండితుల పాఠాలు వేరు. రక్తం చిందించినవాళ్ళని ఎప్పుడూ వేదసాక్షుల వరుసలోనే పెట్టారు, దాని పైన ఇంకో బిరుదు పెట్టడం అవసరం అనుకోలేదు. ఆ అలవాటు తప్పింది 2022 జనవరి 21న, ఇరెనేయుసుని ఫ్రాన్సిస్ పాపుగారు పండితుడిగా ప్రకటించారు. సభ వేదసాక్షిగా పండగ చేసుకునేవాళ్ళలో ఈ బిరుదు మొదట ఆయనకే. లియోన్ మేత్రాణులు, పోలికార్పు దగ్గర చిన్నప్పుడు విన్నాడు, పోలికార్పు అపొస్తలుడైన యోహాను గారి దగ్గర విన్నాడు, అంత దగ్గర మనిషి. ఐక్యతా పండితుడు అని పేరిచ్చారు, పుట్టింది తూర్పున, మేత్రాణులైంది పడమట కాబట్టి. ఆయన చనిపోయిన పద్దెనిమిది వందల ఏళ్ళకి వచ్చింది ఇది.

లెక్కల_మాస్టారు:
దానికి ఎదురు చూడండి, అల్ఫోన్సు లిగోరి 1787లో చనిపోతే 1871కే ప్రకటించారు, 84 ఏళ్ళే. అందరికంటే త్వరగా ఆయనకే. వకీలాయన, పెద్ద కేసొకటి ఓడిపోయి కోర్టుకి దండం పెట్టి గురువైపోయాడు.

నిద్రలేని_రాత్రి:
ఆడవాళ్ళు నలుగురే, అది కూడా 1970 దాకా ఒక్కరూ లేరు. ఇది ఎవరూ మాట్లాడరేం?

చిన్నపూవు:
మాట్లాడదాం అక్కా. 1923లో కార్మెలు మఠాలవాళ్ళు తమ అవిలా తెరేజమ్మకి ఈ బిరుదు ఇవ్వమని అడిగితే 11వ పయస్ పాపుగారి దగ్గర్నించి వచ్చిన జవాబు, ఆడమనిషి కావడం అడ్డు అని. అప్పటికే ఆమె పుస్తకాలు చదివి ప్రార్థన నేర్చుకోని మఠం లేదు. ఆమె శిష్యుడు, ఆమెతో కలిసి మఠాలు సంస్కరించిన సిలువ యోహానుకి 1926లో ఇచ్చేశారు, గురువు మాత్రం బయట. చివరికి 1970 సెప్టెంబరు 27న 6వ పౌలు పాపుగారు ఇచ్చారు, సరిగ్గా వారానికి అక్టోబరు 4న కత్తెరీనమ్మకి. 1997లో చిన్న తెరేజమ్మ, 2012లో బింగెన్ హిల్డెగార్డమ్మ. హిల్డెగార్డమ్మది ఇంకా విచిత్రం, 1179లో చనిపోయినావిడ, అందరూ పునీత అని పిలుస్తూనే ఉన్నారు కానీ పట్టం పని పూర్తవలేదు, 2012 మే నెలలో అది పూర్తి చేసి అక్టోబరులో పండితురాలిని చేశారు.

కత్తెరీనమ్మ గురించి చదువురాదు చదువురాదు అంటారు గానీ ఆవిడ 380 దాకా ఉత్తరాలు చెప్పి రాయించింది, రాజులకి, సైనికులకి, జైల్లో వాళ్ళకి, పాపుగారికి కూడా. పాపుగారు రోము వదిలి ఇప్పటి ఫ్రాన్సులోని అవిన్యోనులో కూర్చుంటే 1376లో నేరుగా వెళ్ళి రోముకి రండి, భయపడకండి, మగాడిలా నిలబడండి అని చెప్పిన రంగులద్దేవాడి కూతురు. 1377 జనవరిలో ఆయన రోములో దిగాడు. ఆవిడ ఒక్కర్తి వల్లే అని నేననను, కానీ ఆ ఉత్తరాలు చదివితే ఎవరు ఎవరికి బోధిస్తున్నారో తెలుస్తుంది.

నిద్రలేని_రాత్రి:
థ్యాంక్స్. నేను అడిగింది కోపంతోనే, ఒప్పుకుంటున్నా. ఇంకోటి కూడా ఒప్పుకుంటా, నాకు ఏడాదిగా ప్రార్థన కుదరట్లేదు. కూర్చుంటే కునుకు, లేకపోతే గడియారం వైపు చూపు. ఈ మహానుభావుల గురించి చదివితే ఇంకా దూరం అనిపిస్తుంది, వీళ్ళంతా ఎక్కడో పైన ఉన్నారు.

చిన్నపూవు:
అక్కా, నువ్వు చెప్పిన రెండూ రాసిపెట్టి ఉన్నాయి, ఈ లిస్టులో వాళ్ళ చేతులతోనే.

గడియారం సంగతి అవిలా తెరేజమ్మది. తన జీవితకథలో రాసుకుంది, కొన్నేళ్ళ పాటు ప్రార్థనలో ఉండటం కంటే గంట ఎప్పుడు కొడుతుందా, ఎప్పుడు లేస్తానా అన్న ధ్యాసే ఎక్కువ ఉండేదని. ప్రార్థన గదిలోకి వెళ్ళాలంటేనే దిగులు పట్టుకునేదట. ప్రార్థన నేర్పిన పండితురాలు అని పేరు ఆవిడకి.

కునుకు సంగతి చిన్న తెరేజమ్మది. ఏడేళ్ళుగా ప్రార్థనలో నిద్రపోతున్నాను, దీనికి నేను బాధపడాలి, కానీ బాధపడట్లేదు అంటుంది. పిల్లలు మేలుకున్నా నిద్రపోయినా అమ్మానాన్నలకి ముద్దే కదా, ఆపరేషన్ చేసే ముందు వైద్యులు నిద్రపుచ్చుతారు కదా అని సర్దిచెప్పుకుంటుంది. మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది, రెండోసారి నవ్వు రాలేదు, అప్పటికి నాక్కూడా ఒక చెడ్డ ఏడాది నడిచింది.

ఇంకో పేజీ ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టం. సాయంత్రం ధ్యానంలో ఆమె వెనక ఒక సిస్టర్ ఏదో టిక్ టిక్ మని చిన్న చప్పుడు చేస్తూ ఉండేదట. వెనక్కి తిరిగి ఒక్క చూపు చూస్తే ఆగిపోతుంది. చూడదు. చూడకుండా ఉండటానికి చెమటలు పట్టేవట, నిజంగా చెమటలు, అలాగే రాసింది. చివరికి ఆ చప్పుడునే శ్రద్ధగా వినడం మొదలుపెట్టింది, అదో కచేరీ అనుకుని ఆ కచేరీనే యేసుకి సమర్పించింది. బట్టలుతికే చోట ఎదురుగా ఉన్న సిస్టర్ మురికినీళ్ళు ముఖం మీద చిందిస్తుంటే కూడా అంతే, తుడుచుకోబోయి ఆగిపోయింది. ఇదా బోధ అంటే, ఇదే. తోమాస్ అక్వీనాస్ పెద్ద గ్రంథం సుమ్మా చదవలేనివాళ్ళకి ఆ టిక్ టిక్ చప్పుడు అర్థమవుతుంది.

పాతకాగితం:
ఆ సుమ్మా రాసినాయన కూడా చివరికి ఎక్కడ తేలాడో చూడండి. 1273 డిసెంబరు 6న పూజలో ఏదో జరిగింది, ఆ తర్వాత కలం ముట్టలేదు. రాయమని తన సహాయకుడు రెజినాల్డు బతిమాలితే, నేను చూసినదాని ముందు నేను రాసిందంతా గడ్డిలా అనిపిస్తోంది అన్నాడు. మూడు నెలలకి చనిపోయాడు, సుమ్మా మధ్యలోనే ఉండిపోయింది. తోమాస్‌నీ తెరేజమ్మనీ ఒకే వరుసలో ఎలా పెట్టారని తోమా గారు మొదట్లో అడిగారు కదా, నాకైతే ఆ గడ్డి మాట దగ్గర వాళ్ళిద్దరూ కలిసినట్టు అనిపిస్తుంది.

కాకపోతే గడ్డి అన్నాడని తోమాస్‌ని చదవడం మానేసేవాళ్ళంటే నాకు చిరాకు. గడ్డి అనడానికి ముందు ఆయన అంత పంట పండించాడు, మనం ఒక పరక కూడా మొలిపించకుండా ఆ మాట వాడుకుంటాం.

కొవ్వొత్తి_వెలుగు:
చదవడం మొదలెట్టేవాళ్ళకి ఏది చెప్తారు? నేను అగస్టీను తన జీవితం గురించి రాసుకున్న "ఒప్పుకోళ్ళు" పుస్తకం పట్టుకున్నా, 16 ఏళ్ళప్పుడు ఆకలి లేకపోయినా పక్కతోటలో పళ్ళు దొంగిలించి పందులకి విసిరేసిన కథ దాకా పరుగులా సాగింది, 10వ భాగంలో జ్ఞాపకం గురించి మొదలెట్టాడు, అక్కడ కూలబడ్డా.

వానచినుకు:
అక్కడ అందరూ కూలబడతారు. 9 భాగాలు చదివి ఆపేయండి, వాళ్ళమ్మ మోనికమ్మ చనిపోయే దాకా, మిగతాది తర్వాత చూసుకోవచ్చు. ఇంట్లో పిల్లలూ ఉద్యోగం ఉన్నవాళ్ళకి మాత్రం ఫ్రాన్సిస్ డి సాల్స్ అంటాను. మఠంలో లేనివాళ్ళ కోసమే 1609లో పుస్తకం రాశాడు, సైనికుడి భక్తి వేరు, కాపురం చేసుకునే ఆమె భక్తి వేరు, అందరూ సన్యాసుల్లా ఉండక్కర్లేదు అని. షాబ్లే అనే చోట జనం ప్రసంగానికి రాకపోతే కరపత్రాలు రాసి తలుపుల కింద నుంచి తోసేవాడు, పత్రికలవాళ్ళకి పాలక పునీతుడు అయ్యింది అందుకే.

బెరయ_బ్రదర్:
చిన్న ప్రశ్న, వదల్లేకపోతున్నా. చివరికి ఆ మొక్క సొరకాయా, ఐవీయా?

వానచినుకు:
రెండూ కాదు బ్రదర్. హెబ్రీ మాట కికాయోన్. జెరోమే వర్ణించాడు, వెడల్పు ఆకులు, పందిరి లేకుండా తన కాండం మీద తనే నిలబడుతుంది, త్వరగా పెరుగుతుంది, లాటిన్‌లో దీనికి పేరు లేదు, ఉన్నదున్నట్టు కికాయోన్ అని రాస్తే ఎవడికీ అర్థం కాదు కాబట్టి ఐవీ అన్నాను అని. ఇప్పటి వ్యాఖ్యాతలు ఎక్కువమంది చెప్పేది ఆముదం చెట్టు.

సందేహాల_తోమా:
ఆముదం చెట్టు! అయిపోయింది, ఆదివారం క్లాసు దీంతోనే మొదలెడతా. ఆ జబ్బుల పిల్లాడు మొదటి బెంచీలోనే కూర్చుంటాడు, ఆముదం అనగానే వాడి ముఖం చూడాలి.